మ్యాట్ ఇంట్లోనే ఉంచి నిజాంపట్నం రండి

ప్రకృతికి దగ్గరవుదామని, నాలుగు రోజులు యోగా చేసుకుంటూ సముద్రం ఒడ్డునో అడవి అంచునో ఉండొద్దామని అనుకునేవాళ్లు ఈమధ్య రేపల్లె వైపు కూడా చూస్తున్నారు. సూర్యలంక సెలవు రోజుల్లో కిక్కిరిసిపోతోంది. చీరాల దగ్గర రిసార్టులు ఖరీదయ్యాయి. ఇంకాస్త ముందుకెళ్తే ఎవరూ తొక్కని తీరం, మడ అడవి, నిశ్శబ్దం దొరుకుతాయని వాళ్ల ఆశ. అలా రేపల్లె దగ్గరి నిజాంపట్నం గురించి అడిగినవాళ్లకు నేను చెప్పే సలహాలు తలకిందులుగా వినిపిస్తాయి. శిబిరాల కరపత్రాల్లో ఉండేవాటికి దాదాపు అన్నీ వ్యతిరేకం. అయినా వాటిమీదే నాకు నమ్మకం. ఈ తీరం మీద ప్రేమ ఉంది కాబట్టి, వచ్చేవాళ్లు నిజంగా ఏదో ఒకటి తెలుసుకుని వెళ్లాలని ఉంది కాబట్టి, మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ప్రశాంతమైన చోటు అడక్కండి. ఊళ్లో దిగగానే నేరుగా హార్బర్‌కు వెళ్లండి. డీజిల్ ఇంజన్ల మోత, ఐసు పగలగొట్టే చప్పుడు, వేలం పాటల అరుపులు, పచ్చిచేపల నీచు వాసన, కాకులు, కొంగలు, కుక్కలు. ధ్యానానికి ఇంతకన్నా పనికిరాని చోటు ఉండదని మీకు అనిపిస్తుంది. కానీ సముద్రం లోపల ఏముందో కంటికి కనిపించేది అక్కడే. ఒడ్డున కూర్చుని ఎంతసేపు చూసినా సముద్రం పైపొర మాత్రమే కనిపిస్తుంది. హార్బర్ గచ్చు మీద తట్టలు దించినప్పుడు కానాగంతలు, సావళ్లు, చందువాలు, రొయ్యలు, పీతలు, పేరు తెలియని చిన్నా పెద్దా జీవాలు గుట్టలుగా పడతాయి. వాటిని వేరుచేసే ఆడవాళ్ల చేతులు చూడండి. ఒక్కో తట్టలోంచి ఏది ఏ గుట్టలోకి పోవాలో వాళ్లు తలొంచుకుని మాట్లాడుతూనే తేల్చేస్తారు. ఒక చేప పేరు అడిగి, అది ఏ నెలలో పడుతుందో, బురదలో తిరిగేదో ఇసుకలో తిరిగేదో అడిగి తెలుసుకున్నారంటే మీ శిబిరం అక్కడే మొదలైనట్టు లెక్క. పాట జరుగుతున్నప్పుడు మాత్రం అడ్డం పోకండి. అది వాళ్లకు రోజంతటి బతుకుతెరువు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మీ టైంటేబుల్ పక్కన పెట్టేయండి.

ఏ శిబిరంలో అయినా కాగితం మీద వరసగా రాసి ఇస్తారు. అయిదింటికి లేవడం, అయిదున్నరకు సూర్యోదయ ధ్యానం, ఆరింటికి ఆసనాలు, ఎనిమిదింటికి ఫలహారం. ప్రకృతి దగ్గరకు వచ్చి కూడా గడియారం ప్రకారమే నడిస్తే ఆఫీసుకూ దీనికీ తేడా ఏముంది? నిజాంపట్నంలో రోజును నడిపేది పోటు, ఆటు. సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తీస్తుంది. నిన్న వచ్చిన వేళకే ఇవాళ రాదు, సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు బలంగా ఉంటుంది. అష్టమి వేళకు నీరు నీరసిస్తుంది. ఇక్కడ హార్బర్ నుంచి సముద్రంలోకి వెళ్లే మొగ దగ్గర ఇసుక మేట వేస్తూ ఉంటుంది. నీరు చాలకపోతే పెద్ద పడవ అడుగు తగిలి నిలిచిపోతుంది. అందుకే వేటకు ఎన్నింటికి బయలుదేరతారని అడిగితే, "పోటు చూసుకుని పోవడమేనయ్యా" అంటారు తప్ప గంట చెప్పరు.

మీరూ అలాగే చేయండి. వచ్చే ముందు పంచాంగంలో తిథి చూసుకోండి. రాగానే ఆ రోజు పోటు ఎప్పుడో పడవవాళ్లను అడగండి. పోటు తెల్లవారుజామున మూడింటికైతే మూడింటికే లేవండి. మధ్యాహ్నం రెండింటికైతే ఎండలో గొడుగు వేసుకుని వెళ్లండి. కాలువలోకి నీరు ఎక్కడం మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి చూడండి. మొదట అడుగున సన్నటి పాయ వెనక్కి తిరుగుతుంది. అప్పటిదాకా సముద్రం వైపు కొట్టుకుపోతున్న ఆకులు ఒక నిమిషం నిలబడి, ఊరి వైపు ప్రయాణం కడతాయి. బొరియల అంచున కూర్చున్న చిన్న పీతలు లోపలికి దూరతాయి. బురదలో మొప్పరెక్కల మీద గెంతే చేపలు పైకి పైకి జరుగుతాయి. కరకట్ట రాళ్ల మీద తడి గీత లేస్తుంది. మర్నాడు కాస్త ఆలస్యంగా మళ్లీ వెళ్లండి. నాలుగు రోజులు ఇలా చేస్తే మీ ఆకలి, నిద్ర, మాట అన్నీ ఆ నీటిని బట్టి జరుగుతాయి. ప్రకృతితో కలవడమనే మాటకు నాకు తెలిసిన అర్థం ఇదొక్కటే: మన వేళలను దాని చేతికి ఇవ్వడం.

యోగా అంటే నాకు చిన్నచూపు ఏమీ లేదు. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో జూన్ 21ని యోగా దినోత్సవంగా ప్రకటించినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 2025లో విశాఖ తీరంలో లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు. ఆ తర్వాత సముద్రం అనగానే యోగా గుర్తుకురావడం మనవాళ్లకు ఇంకా ఎక్కువైంది. కానీ పతంజలి యోగసూత్రాలు 195 దాకా ఉంటే, ఆసనం గురించి చెప్పినవి మూడే. ఆసనం కన్నా ముందు వరసలో యమం ఉంది. హింస చేయకపోవడం, దొంగిలించకపోవడం, అవసరానికి మించి పోగు చేసుకోకపోవడం అందులోనివే. ఒక తీరానికి అతిథిగా వెళ్లినవాడికి ఇంతకన్నా పనికొచ్చే నియమాలు ఏమున్నాయి? అందుకే మ్యాట్ తేవద్దంటున్నాను. ఇసుక మీద రంగురంగుల రబ్బరు పరచి, డ్రోన్ ఎగరేసి ఫోటోలు తీయించుకునే యోగా మీ ఊళ్లో మేడ మీద కూడా చేసుకోవచ్చు. ఇక్కడ చేయాల్సింది వేరే ఉంది. కాలువ గట్టున రెండు కాళ్లూ పాతుకుని నిలబడటం, ఊపిరి వదులుతూ నీరు తీయడం చూడటం, దేన్నీ తీసుకోకుండా తిరిగి రావడం. గవ్వలు కూడా ఏరుకుపోవద్దు. ఖాళీ గవ్వల్లోకి దూరి బతికే పీతలు ఈ ఒడ్డున ఉన్నాయి.

మనిషి అడుగు పడని చోటు కోసం మాత్రం వెతకొద్దు. ఈ ప్రాంతంలో అలాంటిది లేదు. ఒకప్పుడు నిజాంపట్నాన్ని పెట్టపోలి అనేవారు. 1606లో డచ్చివాళ్లు ఇక్కడ వర్తకశాల పెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ అనే ఓడ మచిలీపట్నం కన్నా ముందు ఈ రేవుకే వచ్చింది. వాళ్లను రప్పించినవి మన అద్దకం బట్టలు. ఆ బట్టల ఎరుపుకు మూలం ఈ తీరపు ఇసుక నేలల్లో తవ్వి తీసే చిరివేరు. అంటే ఈ ఇసుకను నాలుగు వందల ఏళ్ల కిందటే వేర్ల కోసం గునపాలతో తవ్వేవాళ్లు. రేపల్లె నుంచి వచ్చే దారిలో మీరు చూసి మురిసిపోయే పచ్చదనం కూడా మనిషి చేసిందే. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక కాలువల నీళ్లు ఈ మూలకు వచ్చాయి. ఆ ఆనకట్ట స్థానంలోనే 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. శిబిరంలో మీరు తినే సన్నన్నం బహుశా సాంబమసూరి. ఆ వంగడానికి బీపీటీ 5204 అని పేరు రావడానికి కారణం పక్కనే ఉన్న బాపట్ల. దాన్ని 1986లో విడుదల చేసింది అక్కడి శాస్త్రవేత్తలే. ఊరు దగ్గరపడేకొద్దీ వరి తగ్గి రొయ్యల చెరువులు మొదలవుతాయి. ఏరియేటర్లు తెల్లగా నురగలు చిమ్ముతూ తిరుగుతుంటాయి. చాలామంది అక్కడ మొహం తిప్పుకుని, "అయ్యో, పాడుచేశారే" అంటారు. తిప్పుకోకండి. కారు ఆపి, చెరువుల గట్టు మీద నిలబడి, ఏది పొలం, ఏది చెరువు, ఏది మడ అడవి అని హద్దులు చూడండి. ఆ హద్దు 1990ల నుంచి ఎటు జరిగిందో అడవులదీవిలోనో దిండిలోనో ఏ పెద్దాయన్ని అడిగినా వేలు పెట్టి చూపిస్తారు. తీరం వెంబడి రొయ్యల సాగు మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేదాకా వెళ్లిన గొడవ అది. ఆ హద్దును చూడకుండా మడ అడవి అందాన్ని మాత్రమే చూసి వెళ్లినవాడికి ఈ ఊరు సగమే తెలిసినట్టు.

అడవిలో నడవొద్దు. ఇది నా సలహాల్లో అందరినీ నిరాశపరిచేది. జపాన్‌లో 1982లో అటవీశాఖ వాళ్లు అడవి స్నానం అనే అలవాటును ప్రచారంలోకి తెచ్చారు. చెట్ల మధ్య నెమ్మదిగా నడుస్తూ వాసన పీల్చడం, చప్పుళ్లు వినడం. అది చెట్ల నీడన గట్టి నేల మీద చేసే పని. మడ అడవిలో నేల లేదు, ఊపిరి పీల్చే వేర్లున్నాయి. ఆటు వేళ గట్టు మీదినుంచి కిందికి చూస్తే మడచెట్టు చుట్టూ బురదలో పెన్సిళ్లు గుచ్చినట్టు వేల వేర్లు నిటారుగా నిలబడి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి ఆ చెట్టు గాలి కోసం వేర్లను పైకి పంపుతుంది. మీరు రెండు అడుగులు వేస్తే పదో ఇరవయ్యో విరుగుతాయి. పడవలో వెళ్లండి, లేకపోతే గట్టు మీదే ఉండండి. మడ అడవిలో అభయారణ్యం కింద ఉన్న భాగంలోకి పోవాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. అక్కడ రాత్రిపూట తిరిగే బావురుపిల్లి ఉంది, నీళ్లలో దూకి చేపలు పట్టుకునే పిల్లి. అది మీకు కనిపించదు. కనిపించాలని రాత్రిపూట లైట్లు వేసి వెతకడం దానికి చేటు.

బురద వాసన వస్తుంది, ముక్కు మూసుకోవద్దు. కుళ్లిన గుడ్డు వాసన అది. గాలి అందని బురదలో రాలిన ఆకులను సూక్ష్మజీవులు తినేటప్పుడు పుట్టే వాయువు. ఆ కుళ్లు మీదే రొయ్యపిల్ల, చేపపిల్ల పెరుగుతాయి. అగరొత్తులు వెలిగించి దాన్ని కప్పేసే ప్రాణాయామం ఇక్కడ అక్కర్లేదు.

చెట్లను ముట్టుకునే ముందు పక్కన ఊరివాళ్లు ఉండాలి. మడాకు పైభాగాన ఎండపూట వేలు రాసి నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. వేర్లు వడగట్టగా మిగిలిన ఉప్పును ఆ చెట్టు ఆకులోంచి బయటికి తోసేస్తుంది. కానీ దాని పక్కనే తిల్ల చెట్టు ఉంటుంది. ఆకు తుంచితే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే భరించలేని మంట, కొంతసేపు చూపే పోవచ్చు. ఏది మడ, ఏది తిల్ల అన్నది పుస్తకం చూసి నేర్చుకునే పని కాదు. కాలువల్లో పీతలు పట్టే యానాదులను అడగండి. బొరియ అంచున బురద తడి చూసి లోపల పీత ఉందో లేదో, ఉంటే ఎంతదో చెప్పగలవాళ్లు వాళ్లు. వాళ్లలో ఒకాయన ఇనప కొంకి బొరియలోకి దూర్చి, కళ్లు మూసుకుని, మణికట్టు చిన్నగా తిప్పుతూ వేళ్లతో వింటున్నట్టు కూర్చోవడం నేను చూశాను. పీత కొంకిని పట్టుకున్న సంగతి ఆయన మొహంలో కనిపించింది. ఏకాగ్రత నేర్పమని ఎవరి దగ్గరకో వెళ్లేబదులు ఆయన పక్కన గంటసేపు నోరు మెదపకుండా కూర్చుంటే మేలు.

మొక్కలు నాటొద్దు. శిబిరం చివరి రోజున తలో మొక్కా నాటించి ఫోటో తీసి పంపడం ఆనవాయితీ అయిపోయింది. ఇక్కడ అది మంచికన్నా చెడు చేయవచ్చు. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకలో సరుగుడు నాటితే వేర్లు గూళ్లకు అడ్డమవుతాయి. ఇక మడ విషయానికొస్తే, పాడైన చోట మొక్క నాటినా బతకదు. చెట్లు నరికిన నేల ఎండకు ఆరి కుంగిపోయి గుంటగా మారుతుంది. పెద్ద పోటుకు లోపలికి వచ్చిన నీరు బయటికి పోలేక అక్కడే నిలిచి ఎండుతుంది. ఎండినకొద్దీ ఉప్పు పేరుకుంటుంది. ఆ ఉప్పులో మడ కూడా చచ్చిపోతుంది. 1990ల చివరినుంచి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ కలిసి కృష్ణా, గోదావరి మడ అడవుల్లో తీరగ్రామాల వాళ్లతో చేసిన పని వేరు. ముందు కాలువలు తవ్వారు. సముద్రపు పాయకు కలిసేలా ఒక పెద్ద కాలువ, దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు, మొత్తం చేపముల్లు ఆకారం. పోటు లోపలికి వచ్చి, ఆటుతో తిరిగి వెళ్లిపోయేలా దారి ఏర్పడింది. రోజుకు రెండుసార్లు ఉప్పు కడుక్కుపోయింది. ఆ తర్వాతే కాలువల అంచున మొక్కలు పెట్టారు. మిగతా పని నీరే చేసింది. మడగింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తడం మొదలుపెట్టి, రాలి, నీటి మీద తేలి, తగిన చోట నాటుకుంటుంది. కాబట్టి మీకు ఒళ్లు వంచి పని చేయాలనే ఉంటే, అటవీశాఖవాళ్లనూ ఊరివాళ్లనూ అడిగి, పూడిన కాలువ ఉంటే అందులో పూడిక తీసే పనిలో చేరండి. నడుం వంచి, మోకాలి లోతు బురదలో, పారతో. సూర్యనమస్కారాల కన్నా ఒళ్లు బాగా వంగుతుంది. మొక్క నాటిన ఫోటో మాత్రం దొరకదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ తీరంలో ఇంకా మాటల్లోకి వస్తూనే ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఉప్పెన జోరు తగ్గించే మడ ఎందుకు ఉండాలో ఇక్కడ ఎవరికీ ఉపన్యాసం అక్కర్లేదు.

రాత్రిపూట ఒడ్డున మంట వేయొద్దు. క్యాంప్‌ఫైర్ లేకపోతే శిబిరమే కాదనుకునేవాళ్లకు ఇది కష్టంగా ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో రాత్రివేళ పైకి వచ్చి, ఇసుక తవ్వి, ఒక్కోటి సుమారు వంద గుడ్లు పెట్టి పోతాయి. ఏడెనిమిది వారాలకు పిల్లలు బయటికి వస్తాయి. ఏది వెలుతురుగా ఉంటే అదే సముద్రం అనుకుని అటు పాకుతాయి, ఎందుకంటే చీకటి రాత్రి ఒడ్డు కన్నా నీటివైపు ఆకాశమే కాస్త వెలుగుగా ఉంటుంది. మీ మంట, మీ జనరేటర్ బల్బు, మీ ఫోన్ టార్చి వాటిని ఊరివైపు లాక్కొస్తాయి. తెల్లవారేసరికి కుక్కలకు, కాకులకు ఆహారమవుతాయి. అటవీశాఖ గుడ్లు ఏరి పొదిగించే చోట పిల్లలను వదిలేటప్పుడు చూడటానికి అనుమతిస్తే వెళ్లండి, కానీ చేతిలోకి తీసుకుని నీళ్లలో వదలకండి. ఆ ఇసుక మీద వాటి సొంత పాకుడు వాటికి అవసరం.

ఫోన్ మాత్రం ఆపొద్దు. శిబిరాలవాళ్లు మొదటి పనిగా ఫోన్లు తీసుకుని డబ్బాలో పెట్టి తాళం వేస్తారు. ఈ తీరంలో వేటకు పోయేవాడి చేతిలో ఫోన్ ఉంటుంది. చేపలు ఎక్కడ గుమిగూడి ఉండే అవకాశముందో, అల ఎంత ఎత్తున ఉంటుందో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చెబుతుంది. హార్బర్‌లో ఎగరేసే ప్రమాద సూచికల నంబర్లు నేర్చుకోండి. ఒకటి, రెండు దూరంగా ఏదో పుడుతోందని. మూడు, నాలుగు మన రేవుకు గాలి ముప్పు ఉందని. అయిదు నుంచి ఏడు ప్రమాదం. ఎనిమిది నుంచి పది మహాప్రమాదం. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. మూడో నంబరు ఎక్కితే మీ శిబిరం ఎన్నో రోజులో చూసుకోకుండా సామాను సర్దుకుని రేపల్లెలో రైలెక్కండి. తుపాను అందం చూస్తామని ఉండిపోవద్దు. మిమ్మల్ని వెతకడానికి రావలసింది ఆ ఊరి కుర్రాళ్లే. మొగ దగ్గర ఈతకు కూడా దిగకండి. నీరు తీసే వేళ అక్కడి లాగుడు ఈత బాగా వచ్చినవాణ్ణి కూడా లోపలికి పట్టుకుపోతుంది.

ఎప్పుడు రావాలంటే, వేట సాగే రోజుల్లో ఒకసారి వచ్చినా, అందరూ వద్దనే కాలంలో ఇంకోసారి రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం. ఎండ మండుతుంది, ఉక్క భరించలేం. కానీ చేపలు గుడ్లు పెట్టుకోవడానికి సముద్రానికి ఇచ్చిన సెలవు అది. ఆ సెలవు ఖర్చు ఎవరు భరిస్తున్నారో కూడా అప్పుడే తెలుస్తుంది. ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచారు. రెండు నెలలకు ఒక కుటుంబానికి అదెంతవరకు వస్తుందో మీరే లెక్క వేసుకోండి. పడవలకు మరమ్మతులు, రంగులు, చెట్టు నీడన వల బాగుచేసుకోవడాలు ఆ రోజుల్లోనే. మాట్లాడటానికి మనుషులకు తీరిక ఉంటుంది. చేపలు తినేవాళ్లయితే వాళ్లు వండుకున్నదే తినండి, ఎండు మెత్తళ్ల వేపుడైనా సరే. తిననివాళ్లు పప్పు, పచ్చడి అడగండి, సంతోషంగా పెడతారు. సాత్వికాహారం పేరుతో బెంగళూరు నుంచి గింజల పొట్లాలు మోసుకు రావద్దు.

శిబిరాలు పెట్టేవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. ఇసుక మీద డేరాలు వేసే ముందు పంచాయతీనీ, మత్స్యకార పెద్దలనూ అడగండి. వలలు ఆరేసేది, చేపలు ఎండబెట్టేది ఆ ఇసుక మీదే. మీకు ఖాళీ స్థలంగా కనిపించేది వాళ్లకు కల్లం. పడవ కట్టినవాడికీ, దారి చూపినవాడికీ కూలి లెక్కన ఇవ్వకండి. మీ కోసం ఆ రోజు వేట మానుకున్నాడు కాబట్టి వేటలో వచ్చేదెంతో అడిగి అంత ఇవ్వండి. ఆ డబ్బు పడవ ఎక్కే ముందే ఇవ్వండి. పోటు చాలక పడవ కదలకపోయినా వెనక్కి అడక్కండి.